వేసవి సెలవుల్లో పిల్లలకు రాసే అలవాటు: ఏడు వారాల సమగ్ర మార్గదర్శి

ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "సెలవుల్లో పిల్లల చేత ఏదైనా రాయించాలని ఉందండీ, ఎలా మొదలుపెట్టాలి? పోయినేడు నోట్‌బుక్ కొన్నాం. రెండు రోజులు రాశారు, మూడో రోజు మానేశారు." కొన్నేళ్ళుగా ఎండాకాలంలో మా ఇంటి వరండాలో ఆరేడుగురు పిల్లలను కూర్చోబెట్టుకుని రాయిస్తున్నాను. అక్కడ పనికొచ్చిన పద్ధతిని మొదటినుంచి చివరిదాకా వరుసగా రాస్తున్నాను.

ఇది 8 నుంచి 14 ఏళ్ళ పిల్లల కోసం. 2024లోనూ 2025లోనూ రెండు తెలుగు రాష్ట్రాల బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు వేసవి సెలవులు ఇచ్చారు. లెక్క వేస్తే సరిగ్గా 49 రోజులు, అంటే ఏడు వారాలు. అందుకే పనిని కూడా ఏడు వారాలకు పంచాను. మీ బడి సెలవులు అటూ ఇటూ అయితే తేదీలు జరుపుకోండి, వరుస మాత్రం మార్చకండి. ఒక వారం పని తర్వాతి వారానికి ఆధారం.

## 1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

సామాను

- 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, సింగిల్ రూల్ ది. ఖరీదైన అట్ట, బొమ్మలు ఉన్నది వద్దు. అందమైన పుస్తకంలో తప్పు రాయడానికి పిల్లలు భయపడతారు.
- పెన్సిల్, లేదా రెండు బాల్‌పెన్నులు. ఎండాకాలం చేతి చెమటకు ఇంకు పెన్ను రాత అలుక్కుపోతుంది.
- పరీక్షలకు తీసుకెళ్ళే క్లిప్పు అట్ట. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరవు.
- మూత ఉన్న పాత డబ్బా ఒకటి. ఇది చీటీల డబ్బా, ఏం రాయాలో తోచనప్పుడు ఒక చీటీ తీయడానికి.
- జేబులో పట్టే చిన్న పుస్తకం. ఇది మాటల పుస్తకం, కొత్తగా విన్న మాటలు రాసుకోవడానికి.
- మీకూ ఒక నోట్‌బుక్.

చివరిది చాలామంది వదిలేస్తారు. పిల్లవాడు రాస్తున్నంతసేపూ అమ్మో నాన్నో పక్కన కూర్చుని ఫోన్ చూస్తుంటే, రాయడం చిన్నవాళ్ళకు వేసే శిక్ష అన్న భావం స్థిరపడిపోతుంది. పక్కన కూర్చుని మీరూ నాలుగు లైన్లు రాయండి. నేను చూసినంతలో అలవాటు నిలబడిన ఇళ్ళన్నిటిలోనూ పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు కూడా రాశారు.

వేళ

ఉదయం ఆరున్నర, ఏడున్నర మధ్య ఒక పావుగంట. లేదా ఎండ తగ్గాక, సాయంత్రం ఆరు తర్వాత. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా రాత పని పెట్టకండి. ఉక్కపోతలో పిల్లలు పేపరు మీద వాలిపోతారు.

"రోజూ ఏడింటికి" అనే కంటే "పాలు తాగిన గ్లాసు సింకులో పెట్టగానే" అని చెప్పండి. సెలవుల్లో గడియారం ఎవరూ చూడరు. రోజూ జరిగే పని వెనకాల ఇంకో పనిని కట్టేస్తే అది గుర్తుంటుంది.

చోటు

ఇంట్లో ఒకే చోటు ఉండాలి. వరండా, దాబా మీద నీడ, కిటికీ పక్కన చాప, ఏదైనా పరవాలేదు. టీవీ ఉన్న గదిలో మాత్రం వద్దు.

మొదటి మూడు రోజులు రాయించకండి

వార్షిక పరీక్షలు రాసి రాసి చెయ్యి నొప్పెట్టి వచ్చిన పిల్లలు వాళ్ళు. మూడు రోజులు ఆడుకోనివ్వండి. ఈ మూడు రోజుల్లో కలిసి చీటీలు తయారు చేయండి. పాత కాగితాలు చింపి ఒక్కో చీటీ మీద ఒక్కో విషయం రాసి డబ్బాలో వేయాలి. సగం మీరు, సగం వాళ్ళు. మా డబ్బాలో ఉండేవి కొన్ని:

- మధ్యాహ్నం రెండింటికి మన వీధిలో వినిపించే ఐదు శబ్దాలు
- కరెంటు పోయిన రాత్రి
- మిద్దె మీద వడియాలకు కాపలా, కాకి వైపు నుంచి
- తాటి ముంజె ఎప్పుడూ తినని వాడికి ఎలా తినాలో చెప్పు
- కూలర్‌లో నీళ్ళు పోసే వంతు ఎవరిది?
- బస్సులో కిటికీ సీటు కోసం జరిగిన గొడవ
- పెళ్ళి భోజనాల్లో నా పక్కన కూర్చున్న మనిషి
- అమ్మమ్మ బీరువాలో ఏముంటుంది?
- ఐస్‌బండి గంట వినగానే మన ఇంట్లో ఎవరు ఏం చేస్తారు?
- మల్లెపూలు ఫ్రిజ్‌లో పెట్టిన రోజు మంచినీళ్ళ వాసన

"వేసవి సెలవులను ఎలా గడిపితిని", "చెట్లు మనకు ఎలా మేలు చేస్తాయి" లాంటి పరీక్ష ప్రశ్నలు డబ్బాలోకి రానివ్వకండి. వాటికి జవాబు పిల్లల నోట్లో ముందే తయారుగా ఉంటుంది, అందుకే చూడటం మానేసి గుర్తున్నది దింపేస్తారు.

## 2. పెద్దవాళ్ళు ఒప్పుకోవాల్సిన షరతులు

ఇది ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. మొదటి ఏడాది నేనే దీన్ని తప్పాను. తొమ్మిదేళ్ళ బాబు ఒకడు తన మేకపిల్ల గురించి ఒక పేజీ నిండా రాసుకొచ్చాడు. నేను ఎర్ర పెన్ను తీసి పదిహేడు తప్పులు చుట్టి ఇచ్చాను. మర్నాటి నుంచి వాడు రాలేదు. మేకపిల్ల ఎలా ఉంటుందో నేను ఒక్క మాట కూడా అడగలేదని వాళ్ళమ్మ చెప్పింది. ఆ తర్వాత ఈ షరతులు గోడ మీద రాసి పెట్టుకున్నాను:

- మొదటి ఐదు వారాలు అక్షరదోషాలు దిద్దను.
- అడగకుండా నోట్‌బుక్ తెరవను.
- "పక్కింటి పాప చూడు ఎంత బాగా రాసిందో" అనను.
- పిల్లలు సరే అనకుండా ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టను.
- చదివి వినిపిస్తే ముందు రాసిన విషయం గురించే మాట్లాడతాను, చేతిరాత గురించి కాదు.

నాలుగోది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ గ్రూపులో పదిమంది చూస్తారని తెలిశాక పిల్లలు నిజం రాయడం మానేసి మెప్పు కోసం రాస్తారు.

## 3. మొదటి వారం: ఐదు లైన్లు, అంతే

ఈ వారం లక్ష్యం కూర్చోవడం. ఏం రాశారన్నది తర్వాత.

1. చోట్లో కూర్చోవాలి, పేజీ పైన తేదీ వేయాలి.
2. రెండు నిమిషాలు ఏమీ రాయకుండా చుట్టూ చూడాలి, వినాలి.
3. ఐదు లైన్లు రాయాలి: ఒకటి చూసింది, ఒకటి విన్నది, ఒకటి వాసన, ఒకటి ఒంటికి తగిలింది, ఒకటి మనసులో వచ్చింది.
4. పుస్తకం మూసేయాలి.

ఇంకా రాయాలని ఉన్నా సరే, మొదటి వారం పావుగంటకే ఆపించండి. మర్నాడు ఆ మిగిలిన మాటే వాళ్ళను కూర్చోబెడుతుంది. మొదటి రోజు మూడు పేజీలు రాసి మురిసిపోయిన పిల్లలు నాలుగో రోజుకు చప్పబడిపోవడం చాలాసార్లు చూశాను.

తెలుగు రాయడం సరిగ్గా రాని ఇంగ్లీషు మీడియం పిల్లలైతే వాళ్ళు చెబుతుంటే మీరు రాయండి. అన్న మాట అన్నట్టే, ఒక్క మాటా మార్చకుండా. తర్వాత ఆ ఐదింటిలో ఒక్క లైను వాళ్ళు చూసి రాసుకోవాలి. రెండో వారం రెండు లైన్లు, మూడో వారం మూడు. తమ మాటే తెలుగు అక్షరాల్లో కనిపించినప్పుడు నేర్చుకోవాలన్న పట్టుదల దానంతట అదే వస్తుంది.

## 4. రెండో వారం: "బాగుంది" అనే మాటకు సెలవు

మే మొదటి వారానికి చాలా ఇళ్ళలో ఆవకాయ పని నడుస్తుంటుంది. వివరం రాయడం నేర్పడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. ఆ రోజు రాసిన మొదటి రాత సాధారణంగా ఇలా ఉంటుంది:

"ఈరోజు మా ఇంట్లో ఆవకాయ పెట్టారు. చాలా బాగుంది. నేను చాలా ఎంజాయ్ చేశాను."

ఇందులో తప్పేమీ లేదు, ఆవకాయ కూడా లేదు. ఇప్పుడు నోటితో మూడు ప్రశ్నలు అడగండి. మూడే. ముక్కలు కొడుతుంటే చప్పుడు ఎలా వచ్చింది? నీకు ఏ పని చెప్పారు? ఆవపిండి కలిపేటప్పుడు ఎవరికి ఏమైంది? జవాబులు నోటితో చెప్పించి, "ఇప్పుడు చెప్పావే, అదే రాసెయ్" అనండి. రాత ఇలా మారుతుంది:

"తాతయ్య కాయ కొడితే టెంక దగ్గర టక్కుమని చప్పుడు వచ్చింది. నేను గుడ్డతో ముక్కలు తుడిచాను. తడి ఉంటే బూజు పడుతుందని అమ్మమ్మ మూడుసార్లు చెప్పింది. ఆవపిండి కలుపుతుంటే అన్నయ్యకు తుమ్ములు ఆగలేదు. జాడీలోకి ఎత్తాక బేసిన్‌లో అన్నం వేసి కలిపి అందరికీ ముద్దలు పెట్టింది. నా ముద్దలో వెల్లుల్లి వచ్చింది."

ఒక్క 'బాగుంది' కూడా లేదు. అయినా బాగుందని మనకే తెలుస్తోంది. ఈ తేడాను పిల్లలకు పాఠంలా చెప్పకండి, రెండు రాతలూ పక్కపక్కన పెట్టి చదవమనండి. వాళ్ళే పట్టుకుంటారు.

ఈ వారం వాడకూడని మాటలు: బాగుంది, సూపర్, ఎంజాయ్, హ్యాపీ, చాలా. ఒక్కో మాట వాడినప్పుడల్లా దాని పక్కన చిన్న చుక్క పెట్టుకుని, ఆ చోట కంటికి కనిపించేది లేదా చెవికి వినిపించేది ఒకటి రాయాలి. ఇంట్లో పెద్దవాళ్ళకూ ఈ నియమం పెడితే పిల్లలకు సరదా రెట్టింపు అవుతుంది.

ఆవకాయ పెట్టని ఇల్లయితే వడియాలు, బియ్యం ఏరడం, మామిడిపండ్ల బండి దగ్గర బేరం, బోరు బండి వచ్చిన రోజు, ఏదైనా సరే. చేతులతో జరిగే పని ఒకటి కావాలి, అంతే.

## 5. మూడో వారం: పెద్దవాళ్ళను అడిగి రాయడం

సెలవుల్లో అమ్మమ్మ ఇంటికో నానమ్మ ఇంటికో వెళ్ళే వారం ఇదైతే మరీ మంచిది. వెళ్ళలేకపోతే ఫోన్‌లో అడిగినా పని జరుగుతుంది.

"మీ చిన్నతనం గురించి చెప్పండి" అని అడిగితే ఏ పెద్దవాళ్ళూ ఏమీ చెప్పలేరు. "ఏముందిరా, కష్టాలే" అని ఊరుకుంటారు. ప్రశ్న చిన్నది కావాలి, పట్టుకోవడానికి ఒక వస్తువు ఉండాలి. రోజుకు ఒకటే ప్రశ్న:

- ఎండాకాలం రాత్రి మీరందరూ ఎక్కడ పడుకునేవాళ్ళు? ఎవరి పక్కన ఎవరు?
- తాగే నీళ్ళు ఎక్కడినుంచి తెచ్చేవాళ్ళు? దేంట్లో పోసేవాళ్ళు?
- సెలవుల్లో నీకు ఏ పని అప్పజెప్పేవాళ్ళు?
- బాగా తిట్లు తిన్న రోజు ఒకటి చెప్పు.
- అప్పుడు ఉండి ఇప్పుడు లేని చెట్టు ఏది? బావి ఏది?

ఫోన్‌లో ఐదు నిమిషాలు రికార్డు చేసుకోవచ్చు. తర్వాత మళ్ళీ మళ్ళీ వింటూ రాయాలి. ఇక్కడ ఒక నియమం గట్టిగా పెట్టండి: చెప్పినవాళ్ళ యాసను మార్చకూడదు. నాయనమ్మ "పోయినం" అంటే "పోయినం" అనే రాయాలి, "వెళ్ళాము" అని కాదు. ఆమె "తొవ్వ" అంటే "దారి" అని దిద్దకూడదు. బడిలో రాసే భాష వేరు, ఆమె నోటి మాట వేరు. రెండూ తెలుగే.

మాటల పుస్తకం ఈ వారం బాగా నిండుతుంది. నీళ్ళు చల్లబడే మట్టిపాత్ర ఒక ఇంట్లో కుండ, ఇంకో ఇంట్లో కూజా, తెలంగాణలో పెద్దదైతే రంజన్. ఒకే కూర ఒక ఊళ్ళో సొరకాయ, ఇంకో ఊళ్ళో ఆనపకాయ. ప్రతి కొత్త మాట పక్కన మూడు విషయాలు రాయించండి: ఎవరన్నారు, ఏ సందర్భంలో అన్నారు, నాకు అర్థమైంది ఏమిటి. రోజుకు రెండు మాటలు దొరికితే చాలు.

విదేశాల నుంచి తాతల ఇంటికి వచ్చే పిల్లలు ఉంటే ఈ వారం పనిని వాళ్ళు వచ్చాక వాళ్ళతో కలిసి మరోసారి చేయించండి. అమెరికాలో సెలవులు మే చివర్లోనో జూన్‌లోనో మొదలవుతాయి కాబట్టి వాళ్ళు వచ్చేసరికి ఇక్కడి పిల్లలకు సెలవులు చివరికొస్తాయి. ఇక్కడి పిల్లలు రాయడం, వాళ్ళు ప్రశ్నలు అడగడం అని పంచుకుంటే ఇద్దరికీ పని ఉంటుంది.

## 6. నాలుగో వారం: కథ

చూడటం, వినడం, అడగడం అయ్యాక కథ. మొదటి వారమే కథ రాయమంటే పిల్లలు కార్టూన్‌లో చూసినది దింపుతారు. మూడు వారాల సరుకు చేతిలో ఉన్నాక అలా జరగడం తగ్గుతుంది.

కథకు ముందు నాలుగు ప్రశ్నలకు ఒక్కో లైను జవాబు రాయించండి:

1. ఎవరు?
2. వాళ్ళకు ఏం కావాలి?
3. ఏం అడ్డం వచ్చింది?
4. చివరికి ఏం మారింది?

కావాల్సినది చిన్నదై ఉండాలి. ప్రపంచాన్ని కాపాడే కథను పదేళ్ళ పిల్ల పూర్తి చేయలేదు, మూడో పేజీలో వదిలేస్తుంది. ఫ్రిజ్‌లో మిగిలిన ఒక్క బంగినపల్లి పండు కోసం ముగ్గురు అన్నదమ్ములు పడిన తంటాను పూర్తి చేయగలదు. చోటు కూడా తెలిసినదే కావాలి. తన వీధి, తన ఊరి బస్టాండు, తన మిద్దె.

రోజువారీ వరుస ఇది. మొదటి రోజు కథను నోటితో ఎవరికైనా చెప్పాలి, రాయకూడదు. రెండో రోజు మొదటి సన్నివేశం. మూడో రోజు అడ్డంకి. నాలుగో రోజు మాటలు మాత్రమే, ఎవరు ఏమన్నారో. ఐదో రోజు ముగింపు. ఆరో రోజు పైకి చదవడం. ఏడో రోజు సెలవు.

కథల్లో తరచుగా వచ్చే ఇబ్బందులు

*"అప్పుడు మెలకువ వచ్చింది. అదంతా కల."* ప్రతి ఏడాదీ సగం కథలు ఇలాగే ముగుస్తాయి. ముగించే దారి తెలియక పిల్లలు వెతుక్కునే తలుపు ఇది. కొట్టేయమనకండి. "కల కాకపోతే వాడు ఏం చేసేవాడు?" అని అడగండి. ఆ జవాబే అసలు ముగింపు.

*కథంతా "తర్వాత... తర్వాత..." అని నడుస్తోంది.* ఒక్క 'తర్వాత' తీసేసి ఆ చోట "కానీ" పెట్టి వాక్యం పూర్తి చేయమనండి. అడ్డంకి దానంతట అదే పుడుతుంది.

*కథ అసలు రావడం లేదు.* అలాంటి పిల్లలకు ఫోటోలతో పని చెప్పండి. ఒకప్పుడు చందమామ పత్రికలో వచ్చిన ఫోటో వ్యాఖ్యల పోటీ చాలామంది పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. రెండు ఫోటోలు, ఒకదానికొకటి జోడీ కుదిరే రెండు చిన్న వ్యాఖ్యలు. ఇంట్లో తీసిన రెండు ఫోటోలతో రోజూ ఆ ఆట ఆడించండి. నాలుగో రోజుకు ఆ రెండు ఫోటోల మధ్య ఏం జరిగిందో రాయమంటే కథ వచ్చేస్తుంది.

13, 14 ఏళ్ళ పిల్లలు బడిలో ఛందస్సు, అంటే పద్యం కట్టే లెక్క, నేర్చుకుని ఉంటారు. మార్కుల కోసం గణాలు (పాదంలోని అక్షరాల గుంపులు) విభజించడమే తప్ప సొంతంగా ఒక పాదం కట్టిన పిల్లలు తక్కువ. కట్టించి చూడండి, చాలా ఇష్టపడతారు. ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంలో రెండో పాదం, నాలుగో పాదం సులభం: ఐదూ సూర్యగణాలే. అంటే ప్రతి గణమూ ముందు ఒక గురువు (దీర్ఘం, లేదా జంట అక్షరానికి ముందున్న అక్షరం), తర్వాత ఒక లఘువు (పొట్టి అక్షరం) గానీ, మూడు లఘువులు గానీ కావాలి. "మామిడమ్మ మాట మరువవద్దు" అనండి. మామి, డమ్మ, మాట, మరువ, వద్దు. ఐదు గణాలూ సరిపోయాయి, నాలుగో గణంలోని మొదటి 'మ'కు పాదం మొదటి 'మా'తో యతీ (అక్షరాల జోడీ) కుదిరింది. దీన్ని మకుటంగా, అంటే చివరి పాదంగా పెట్టుకుని పై మూడు పాదాలు కట్టమంటే రెండు రోజులు అదే లోకం అయిపోతుంది వాళ్ళకు.

## 7. ఐదో వారం: ఒక పోస్టుకార్డు

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. రోళ్ళు పగిలే ఎండలు. బయట తిరిగి చూసి రాసే పని ఈ వారం వద్దు. ఇంట్లో కూర్చుని ఉత్తరం రాయడమే మంచిది.

పోస్టుకార్డు ధర 50 పైసలు. చిన్న పోస్టాఫీసుల్లో ఒక్కోసారి కార్డులు అయిపోతుంటాయి, ముందు వారమే తెచ్చి పెట్టుకోండి.

1. ముందు నోట్‌బుక్‌లో చిత్తు రాయాలి. కార్డు మీద పది పన్నెండు లైన్లకు మించి పట్టవు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది పిల్లలు ఇక్కడే నేర్చుకుంటారు.
2. ఉత్తరంలో జరిగిన సంగతి ఒకటి ఉండాలి, ఎదుటివాళ్ళను అడిగే ప్రశ్న ఒకటి ఉండాలి. ప్రశ్న లేని ఉత్తరానికి జవాబు రాదు.
3. చిరునామా పిల్లలే రాయాలి. ఆరంకెల పిన్‌కోడ్ మర్చిపోకూడదు.
4. పోస్టు డబ్బాలో వాళ్ళ చేతితోనే వేయాలి.

కార్డు మీద రాసింది దారిలో ఎవరైనా చదవచ్చు. సొంత సంగతులు రాయాలనుకుంటే ఇన్‌లాండ్ లెటర్ తీసుకోండి. అందుకునే మామయ్యకో పెద్దమ్మకో ముందే ఫోన్ చేసి, జవాబు ఫోన్‌లో చెప్పవద్దు, ఉత్తరమే రాయండి అని చెప్పి ఉంచండి. తన పేరు మీద పోస్టు రావడం ఈ తరం పిల్లలకు మొదటిసారి. పోస్ట్‌మన్ పేరు పెట్టి పిలిచిన రోజు వాళ్ళ ముఖం మీరే చూస్తారు.

## 8. ఆరో వారం: తిరగ రాయడం, దిద్దుకోవడం

ఇప్పుడు దిద్దవచ్చు. కానీ పెన్ను పిల్లల చేతిలోనే ఉండాలి.

ఐదు వారాల రాతల్లోంచి పిల్లలకు నచ్చినవి మూడు ఎంచుకోమనండి. మిగతావి అలాగే ఉండనివ్వండి. ఎంచుకున్నవాటికి ఈ వరుస:

1. పైకి చదవాలి. నాలుక తడబడిన చోట గీత పెట్టుకోవాలి. వాక్యం అక్కడ మరీ పొడుగైంది, లేదా మాట తప్పింది.
2. మొదటి రెండు లైన్లు వేలితో మూసి చదవాలి. అవి లేకపోయినా అర్థమైతే తీసేయాలి. పిల్లల రాతల్లో అసలు విషయం తరచుగా మూడో లైనులో మొదలవుతుంది.
3. ఒక రోజు ఒక రకం తప్పే చూడాలి. అన్నీ ఒకేసారి చూస్తే ఏదీ నిలవదు.

తప్పుల రకాలు ఇవి:

- ల, ళ: నీళ్ళు, కళ్ళు, వెళ్ళాడు, మళ్ళీ, పెళ్ళి
- న, ణ: ప్రాణం, బాణం, వీణ, కారణం
- ఒత్తక్షరాలు: బాధను 'భాద' అని, అద్భుతాన్ని 'అధ్బుతం' అని, విద్యార్థిని 'విధ్యార్థి' అని రాయడం
- శ, ష, స: విశేషం, సంతోషం, దేశం
- దీర్ఘాలు వదిలేయడం

తప్పు కనిపించిన మాటను పదిసార్లు రాయించకండి. మాటల పుస్తకం వెనక పేజీలో ఒకసారి సరిగ్గా రాసి, ఆ మాటతో సొంత వాక్యం ఒకటి రాస్తే చాలు. ఒక విషయంలో జాగ్రత్త: మూడో వారం రాతలో అమ్మమ్మ మాటలు ఉన్న చోట ఈ దిద్దుబాటు వర్తించదు.

## 9. ఏడో వారం: చిన్న పుస్తకం కుట్టడం

మృగశిర కార్తె జూన్ 7, 8 ప్రాంతంలో వస్తుంది. కాస్త చల్లబడే రోజులు. నాలుగు ఏ4 కాగితాలు చాలు. మధ్యకు మడిస్తే 16 పేజీల పుస్తకం అవుతుంది.

1. నాలుగు కాగితాలనూ కలిపి సమంగా మడవాలి. పైన అట్టగా కాస్త మందం కాగితం ఒకటి. పాత క్యాలెండర్ పేజీ బాగుంటుంది.
2. రాయడానికి ముందే మడత లోపల పేజీ నెంబర్లు పెన్సిల్‌తో వేసుకోవాలి. ఇది చేయకపోతే పేజీలు తారుమారవుతాయి.
3. మడత గీత మీద మూడు రంధ్రాలు చేయాలి: మధ్యలో ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి. పిన్నుతో చేయవచ్చు, చిన్న పిల్లలైతే మీరు చేయండి.
4. సూదిని లోపలి వైపు నుంచి మధ్య రంధ్రంలోకి గుచ్చి బయటికి లాగాలి. దారం కొస లోపల ఒక జానెడు వదలాలి.
5. బయట నుంచి పై రంధ్రంలోకి గుచ్చి లోపలికి రావాలి. లోపల మధ్య రంధ్రాన్ని దాటి నేరుగా కింది రంధ్రంలోంచి బయటికి వెళ్ళాలి.
6. మళ్ళీ మధ్య రంధ్రంలోంచి లోపలికి వచ్చి, పొడుగ్గా ఉన్న దారానికి అటొక కొస ఇటొక కొస వచ్చేలా ముడి వేయాలి.

దిద్దిన మూడు రాతలూ ఇందులో చక్కగా రాయాలి. ఒక పేజీ మాటల పుస్తకానికి, ఒక పేజీ బొమ్మకు. అట్ట మీద పేరు, సంవత్సరం, ఊరు.

సెలవులు ముగిసే ముందు ఆదివారం సాయంత్రం దాబా మీద చాప పరిచి ఇంట్లోవాళ్ళు, ఇరుగుపొరుగు నలుగురు కూర్చోండి. పిల్లలు ఒక్కొక్కటి చదవాలి. మీరు రాసినది కూడా ఒకటి చదవండి. బహుమతులు, మొదటి స్థానం, రెండో స్థానం పెట్టకండి. చదవనన్న పిల్లల తరఫున వాళ్ళకు ఇష్టమైన వాళ్ళు చదవవచ్చు.

## 10. మధ్యలో ఆగిపోతే

"ఏం రాయాలో తోచడం లేదు." చీటీ తీయించండి. అదీ నచ్చకపోతే "నాకు ఏం రాయాలో తోచడం లేదు, ఎందుకంటే" అని మొదలుపెట్టి ఐదు లైన్లు రాయమనండి.

ఊరికి వెళ్ళి నాలుగు రోజులు మానేశారు. పోయిన రోజులవి పూడ్చమనకండి. బాకీలా అనిపిస్తే మళ్ళీ పుస్తకం ముట్టరు. ఈ రోజు తేదీ వేసి ముందుకు వెళ్ళాలి. ప్రయాణంలో జేబు పుస్తకం చాలు, రోజుకు ఒక లైను.

ఫోన్‌లో అడిగి దింపుతున్నారు. తిట్టవద్దు. ఆ రాతలో నుంచి "ఇది మన వీధిలో ఎక్కడుంది?" అని అడగండి. అక్కడ లేని సంగతులు బయటపడతాయి. తర్వాత ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియని విషయాలే చీటీల్లో పెట్టండి.

అన్న పేజీ రాస్తాడు, చెల్లి రెండు లైన్లే. ఇద్దరికీ వేర్వేరు వేళలు పెట్టండి. ఒకరి పేజీలు ఒకరు లెక్కపెట్టుకోవడం ఆగుతుంది.

కోపంగా, బాధగా రాస్తున్నారు. రాయనివ్వండి. తమంతట తాము చూపిస్తే "ఇంత కోపం ఎందుకు?" అని నిలదీయకుండా చివరిదాకా చదవండి, పక్కన కూర్చోండి. ఎవరైనా తమను భయపెడుతున్నట్టో బాధపెడుతున్నట్టో రాతలో కనిపిస్తే మాత్రం ఆ రోజే నెమ్మదిగా మాట్లాడండి.

## 11. బడి తెరిచాక

జూన్ 12న నోట్‌బుక్‌ను బడి సంచిలో పెట్టకండి. అది ఇంట్లో అదే చోట ఉండాలి. రోజూ రాయడం హోంవర్క్‌తో కుదరదు కాబట్టి వారానికి రెండు రోజులకు తగ్గించండి, బుధవారం రాత్రి, ఆదివారం ఉదయం, పావుగంట చొప్పున.

- డబ్బాలో పాత చీటీలు తీసేసి వానాకాలం చీటీలు వేయాలి: గొడుగు, తడిసిన బూట్లు, బడి బస్సు, కొత్త క్లాస్‌మేట్
- మాటల పుస్తకం సంచి ముందు జేబులో ఉండవచ్చు
- పోస్టుకార్డుకు జవాబు వచ్చి ఉంటే తిరుగు ఉత్తరం మొదటి ఆదివారమే రాయాలి
- 200 పేజీల్లో మిగిలినవి వచ్చే ఏప్రిల్ దాకా వస్తాయి, కొత్తది కొనకండి